రోళ్లపాడు జింకలకు, సుంకేసుల పక్షులకు రూ.45 వేల లోపు ఏ టెలిఫోటో జూమ్ తీసుకోవాలి?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డి5600 కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాతివనం, ఇంట్లో శుభకార్యాలు తీయడానికి ఇంతకాలం అవి సరిపోయాయి. ఇప్పుడు మనసు పక్షుల మీదికి మళ్లింది. సుంకేసుల బ్యారేజీ దగ్గర నీటిపక్షులను, సెలవు దొరికినప్పుడు రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలను తీయాలని ఉంది. లెన్సు కోసం నేను కేటాయించగలిగింది రూ.45 వేలు మాత్రమే. నేను తిరిగేది మోటారు సైకిల్ మీద. దుకాణంలో అడిగితే 70-300 ఎంఎం లెన్సు (ఆ అంకె ఎంత పెద్దదైతే దూరపు వస్తువు అంత దగ్గరగా కనిపిస్తుంది) చాలంటున్నారు. వీడియోల్లో చూస్తే 600 లేనివాడు పక్షి వైపు కన్నెత్తి చూడకూడదన్నట్టు మాట్లాడుతున్నారు. వాడిన లెన్సు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. మన ప్రాంతంలో తిరిగేవారు చెబితే దాన్ని బట్టి నిర్ణయించుకుంటాను.

పిల్లిగద్ద_చూపు (నంద్యాల):

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో వాదనలన్నీ ఆ లెక్క వేయకపోవడం వల్లనే సాగుతుంటాయి. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ మీద పడే బొమ్మ పరిమాణం ఎంతో తెలుసుకోవాలంటే, జంతువు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, అంటే దాని మీద రాసే ఎంఎం అంకెతో గుణించి, దూరంతో భాగిస్తే చాలు. కృష్ణజింక శరీరం పొడవు సుమారు 1.2 మీటర్లు అనుకుందాం. అది మీకు 100 మీటర్ల దూరంలో నిలబడి ఉంటే, 300 ఎంఎం లెన్సుతో సెన్సార్ మీద దాని బొమ్మ 3.6 మిల్లీమీటర్లు వస్తుంది. డి5600 సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంటే జింకకు దక్కేవి సుమారు 920 పిక్సెళ్లు. అదే 600 ఎంఎం అయితే 1840 వస్తాయి. ఫోన్‌లో చూసుకోవడానికి, చిన్న ప్రింటుకు మొదటిది సరిపోతుంది. గోడకు తగిలించే పెద్ద ప్రింటుకు సరిపోదు.

ఇక మరో వైపు నుంచి చూడండి. 300 ఎంఎం లెన్సుతోనే 50 మీటర్ల దూరంలో తీయగలిగితే, 600 ఎంఎం ఉన్నవాడు 100 మీటర్ల నుంచి తీసినంత బొమ్మే మీకూ వస్తుంది. రోళ్లపాడు లాంటి చదునైన చోట, నిలబడి నడిచే మనిషిని జింక చాలా దూరం నుంచే పసిగట్టి కదిలిపోతుంది. అక్కడ ఆ యాభై మీటర్లు సంపాదించడం సులభం కాదన్నది నిజమే. అయితే దారి పక్కన ఆపిన వాహనంలో కదలకుండా కూర్చున్నవారికి మంద తనంతట తానే దగ్గరకు రావడం నేను చూస్తూనే ఉంటాను. మీరు ఎంత ఓపికగా కూర్చోగలరో తెలియకుండా ఎన్ని మిల్లీమీటర్లు కావాలో చెప్పడం కష్టం.

ఇంకొక మాట. డి5600లో ఉన్నది పాత ఫిల్ము అంత ఉండే పూర్తి ఫ్రేమ్ కంటే చిన్నదైన క్రాప్ సెన్సార్ కాబట్టి 300 లెన్సు 450 అవుతుందని అమ్మేవారు చెబుతారు. చూపు వెడల్పు మాత్రమే అలా ఇరుకవుతుంది. లెన్సు 300 లెన్సే. పైన వేసిన లెక్కలో ఆ ఇరుకు ముందే కలిసి ఉంది కాబట్టి దానికి మళ్లీ 1.5తో గుణించకండి.

అనంత_ఎండ (అనంతపురం):

లెక్క చక్కగా ఉంది కానీ అందులో మన ఎండ లేదు. రాయలసీమలో పొడవు లెన్సు కొనేవారికి ఎవరూ చెప్పని సంగతి నేల మీద లేచే వేడి సెగ. పొద్దెక్కాక నేల వేడెక్కి, దాని పైనున్న గాలి పొరలు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కదులుతూ వెలుతురును వంకర తిప్పుతాయి. 100 మీటర్ల అవతలి జింక అంచులు నీళ్లలో ఉన్నట్టు కరిగిపోతాయి. దీన్ని ఏ ఖరీదైన లెన్సూ సరిచేయలేదు, ఎందుకంటే లోపం లెన్సులో లేదు, మధ్యనున్న గాలిలో ఉంది. పైగా ఫోకల్ లెంగ్త్ పెరిగిన కొద్దీ ఆ వంకర కూడా పెద్దదై కనిపిస్తుంది. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది దాటాక 600 ఎంఎంతో దూరపు జంతువును తీసి, లెన్సు పదునుగా లేదని అమ్మేసుకున్నవారు ఉన్నారు.

కాబట్టి మీకు నిజంగా పనికొచ్చే సమయం సూర్యోదయం నుంచి రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం. ఆ వేళల్లో వెలుతురు తక్కువ. అక్కడే అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత, విషయం వస్తుంది; ఎఫ్ పక్కన అంకె పెరిగితే ఆ కంత చిన్నదవుతుంది. ఎఫ్/5.6కూ ఎఫ్/6.3కూ మధ్య తేడా మూడో వంతు స్టాపు మాత్రమే, దాని కోసం నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు, ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8కు పోతే మాత్రం పూర్తి స్టాపు, అంటే సగం వెలుతురు పోయినట్టే. చేతిలో పట్టుకుని 600 ఎంఎంతో తీస్తే క్రాప్ కెమెరాలో సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగం ఉంటే తప్ప నమ్మకంగా పదును రాదు, ఎగిరే పక్షికి రెండు వేలో వంతు కావాలి. లెన్సులో వణుకు తగ్గించే వీఆర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, జింక పరుగును ఆపదు. కాబట్టి తెల్లవారుజామున ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 1600 దాటించడానికి జంకకండి. నలుసులు ఉన్న ఫోటోను తర్వాత కొంత శుభ్రం చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోకు మందు లేదు.

పాత_కటకాలు (ప్రొద్దుటూరు):

డి5600 అన్నారు కాబట్టి ఆ కెమెరా పరిమితుల నుంచి మొదలుపెట్టాలి. దాని శరీరంలో ఫోకస్ మోటారు లేదు. అందువల్ల నికాన్‌వైతే ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ, లేదా సొంత మోటారు ఉన్న సిగ్మా, టామ్రాన్ లెన్సులు గానీ మాత్రమే తీసుకోవాలి. చవకగా కనిపించే పాత ఏఎఫ్-డి జూమ్‌లు దీని మీద చేత్తో తిప్పుకుంటే తప్ప ఫోకస్ కావు. రెండవది, ఈ కెమెరాలో ఫోకస్ సూక్ష్మ సవరణ సదుపాయం లేదు. లెన్సు కొంచెం ముందుకో వెనక్కో ఫోకస్ చేస్తుంటే కెమెరా నుంచి సరిదిద్దలేరు.

మీ డబ్బుకు నాకు కనిపించే దారులు చెబుతాను.

నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ (క్రాప్ సెన్సార్ కోసం చేసింది) 70-300 వీఆర్, 2016లో వచ్చింది, బరువు 415 గ్రాములు. కొత్తదే మీ బడ్జెట్‌లో వచ్చి డబ్బు మిగులుతుంది. ఫోకస్ చప్పుడు లేకుండా చాలా వేగంగా అవుతుంది, వెలుతురు బాగుంటే 300 వద్ద కూడా పదును ఆ ధరకు ఊహించనంత ఉంటుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఇదే పేరుతో వీఆర్ లేనిది కూడా ఉంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పెట్టె మీద వీఆర్ అన్న అక్షరాలు చూసుకుని తీసుకోండి. ఇది డి3200, డి5100, డి7000 లాంటి పాత కెమెరాల మీద ఫోకస్ కాదు గానీ మీ డి5600కు ఆ ఇబ్బంది లేదు.

దీనికి అన్న లాంటిది 2017లో వచ్చిన ఏఎఫ్-పీ 70-300 ఎఫ్/4.5-5.6ఈ. పూర్తి ఫ్రేమ్ కోసం చేసింది, 680 గ్రాములు. అంచుల దాకా మరింత పదును, కొంచెం గట్టి కట్టుబడి. వాడినది దొరికితే ఆలోచించండి. ఇంకా పాత ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్, 2006 నాటిది, పాత దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తుంది; 200 వరకు బాగుంటుంది, 300 దగ్గర మెత్తబడుతుంది. పక్షుల కోసం కొనేవారు వాడేదంతా 300 దగ్గరే కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయను.

600 దాకా వెళ్లాలంటే టామ్రాన్ 150-600 మొదటి తరం, అంటే 2013 చివరలో ప్రకటించినది, వాడినది మీ ధరకు దగ్గరగా దొరికే అవకాశం ఉంది. బరువు సుమారు 1950 గ్రాములు. 2015లో వచ్చిన సిగ్మా 150-600 కాంటెంపరరీ 1930 గ్రాములు. సిగ్మాకు ఒక సౌకర్యం ఉంది: యూఎస్బీ డాక్ అనే చిన్న పరికరంతో లెన్సులోనే ఫోకస్ సవరణ చేసుకోవచ్చు, మీ కెమెరాకు లేని గుణాన్ని లెన్సు వైపు నుంచి తెచ్చుకున్నట్టు. టామ్రాన్‌లో ఆ రకం సదుపాయం 2016 నాటి రెండో తరానికి ఉంది, మొదటి తరానికి లేదు. నికాన్ 200-500 ఎఫ్/5.6 గురించి అందరూ చెబుతారు, మంచి లెన్సే, కానీ ట్రైపాడ్‌కు బిగించే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు, పైగా వాడినది కూడా మీ అంకెను దాటిపోతుంది.

మధ్యలో సిగ్మా 100-400, టామ్రాన్ 100-400 ఉన్నాయి, రెండూ 2017వి, రెండూ కిలో దాటి కొద్దిగా. మోటారు సైకిల్ మనిషికి న్యాయంగా సరిపోయేవి ఇవే, కానీ నికాన్ మౌంటులో (నికాన్ కెమెరాకు తగిలే అమరికతో) వాడినవి తక్కువగా బయటికి వస్తాయి.

లంకమల_దారి (కడప):

మా వైపు సంగతి వేరు కాబట్టి చెబుతున్నాను. లంకమల చుట్టుపక్కల పొదల అడవిలో దూరం అసలు సమస్యే కాదు. పిట్ట పది పదిహేను మీటర్లలోనే ఉంటుంది, కానీ కలివి పొదల మధ్యన, నీడలో, కొమ్మల వెనక ఉంటుంది. అలాంటి చోట రెండు కిలోల లెన్సును గురి చూసేలోపు అది ఎగిరిపోతుంది. పెద్ద జూమ్‌లు 600 దగ్గర పొదలో ముందున్న కొమ్మను పట్టుకుని, వెనక్కి ముందుకి వెతుకుతూ కూర్చుంటాయి. కనీస ఫోకస్ దూరం కూడా చూసుకోండి: 150-600 లెన్సులకు సుమారు 2.7, 2.8 మీటర్లు, ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300కు 1.1 మీటర్లు. తొండ, సీతాకోకచిలుక ఎదురైనప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

అలాగే పాత అనంతపురం జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యన చింతచెట్ల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. ఊరివారు వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. అక్కడికి 600 తీసుకెళ్లినవారు కొంగ మెడ మాత్రమే ఫ్రేములో పట్టి అవస్థ పడుతుంటారు; 70-300 అక్కడ హాయిగా సరిపోతుంది.

కలివి కోడి గురించి ఎవరైనా అడగబోతారేమో, ముందే అంటున్నాను. అది 1986లో మళ్లీ మన జిల్లాలో కనిపించిన పక్షి, రాత్రి తిరిగేది, అంతరించే అంచున ఉన్నది. దాన్ని వెతుక్కుంటూ రాత్రి లైట్లు, ఫ్లాష్‌లు పట్టుకుని అడవిలో తిరగడానికి ఏ లెన్సు బాగుంటుందన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఉండకూడదు కూడా.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. ఒక మిత్రుడు కెమెరాతో పాటు అంతా అమ్మేసి నికాన్ పీ950 లాంటి పెద్ద జూమ్ కెమెరా కొనమంటున్నాడు. ఇంకొకరు క్యానన్ ఆర్50కి మారి ఆర్ఎఫ్ 100-400 లెన్సు తీసుకోమంటున్నారు. ఈ రెండు మార్గాల గురించి ఏమంటారు? అలాగే 70-300కు టెలికన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టి ఎంఎం పెంచే పరికరం) తగిలిస్తే పని జరుగుతుందా?

అనంత_ఎండ (అనంతపురం):

టెలికన్వర్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. 1.4 రెట్ల కన్వర్టర్ ఒక స్టాపు, 2 రెట్లది రెండు స్టాపుల వెలుతురు తింటుంది. ఎఫ్/6.3 లెన్సు ఎఫ్/9 అవుతుంది, డి5600 ఫోకస్ వ్యవస్థ అక్కడ చేతులెత్తేస్తుంది. ఆ డబ్బు దాచుకోండి.

పీ950లో ఉన్నది వేలిగోరంత సెన్సార్. మిట్టమధ్యాహ్నం చెట్టుమీద కదలకుండా కూర్చున్న గద్దను గుర్తుపట్టడానికి, ఏ పక్షి చూశామో నమోదు చేసుకోవడానికి అది అద్భుతంగా పనిచేస్తుంది. పక్షుల లెక్కింపులకు వెళ్లేవారు దాన్నే ఇష్టపడితే తప్పు పట్టను. తెల్లవారి వెలుతురులో, ఎగిరే పక్షి మీద మాత్రం అది మిమ్మల్ని ఏడిపిస్తుంది.

ఆర్ఎఫ్ 100-400 నిజంగా మంచి ఆలోచన. 635 గ్రాములకు 400 ఎంఎం దొరకడం మామూలు సంగతి కాదు, ఆర్50 జంతువుల కన్నును తానే పట్టుకుంటుంది, కొత్తవారికి అది పెద్ద సాయం. 400 దగ్గర ఎఫ్/8 మాత్రమే కావడం దాని బలహీనత. ఇప్పుడు మొదటి కెమెరా కొనబోయేవారు అడిగితే నేను ఆ జంటనే చెబుతాను. మీకు ఇప్పటికే డి5600 ఉంది, దాన్ని అమ్మితే వచ్చేది తక్కువ, అవి రెండూ కొత్తవి కొనాలంటే మీ రూ.45 వేలకు చాలా పైన అవుతుంది. కాబట్టి మీ వరకు అది ఈ ఏటి సంగతి కాదు.

పిల్లిగద్ద_చూపు (నంద్యాల):

పాత_కటకాలు గారు బరువుల జాబితా ఇచ్చారు కానీ ఆ బరువు ఎలా మోయాలో చర్చకు రాలేదు. డి5600 బరువు బ్యాటరీతో 465 గ్రాములు. దానికి రెండు కిలోల లెన్సు తగిలిస్తే మీరు పట్టుకోవాల్సింది లెన్సును, కెమెరాను కాదు. మెడ పట్టీని కెమెరాకు కాక లెన్సు కాలర్‌కు తగిలించాలి. మోటారు సైకిల్ మీద అయితే కెమెరా నుంచి విడదీసి, మెత్తటి సంచిలో వీపున వేసుకోండి. పెట్రోలు ట్యాంకు మీద పెట్టి మట్టిదారుల్లో నడిపితే నిత్యం తగిలే అదురుకు లోపలి మరలు వదులై, ఒకవైపు అంచు మసకబారే ప్రమాదం ఉంది.

ట్రైపాడ్ మోసుకెళ్లే బదులు ఒక గింజల సంచి కుట్టించుకోండి. పాత జీన్సు ప్యాంటు కాలు ముక్క కత్తిరించి, ఒక కొస కుట్టి, జొన్నలు నింపి, రెండో కొసకు జిప్పు వేయిస్తే చాలు. కారు కిటికీ మీద, గట్టు మీద, రాతి మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించవచ్చు. నేల మీద బోర్లా పడుకుని జింక కంటి ఎత్తులో తీయడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఖాళీ సంచి తీసుకెళ్లి ఊళ్లో గింజలు కొని నింపుకుంటే మోత కూడా తప్పుతుంది.

ఇక నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రోళ్లపాడు మీ ముఖ్య ఉద్దేశమైతే ఆగండి, డబ్బు కూడబెట్టి 200-500 గానీ సిగ్మా 150-600 గానీ తీసుకోండి. చలికాలంలో సాయంత్రం పిల్లిగద్దలు గడ్డిలోకి దిగే చోట 300 ఎంఎంతో మీకు దొరికేది ఆకాశంలో చుక్కలే.

పాత_కటకాలు (ప్రొద్దుటూరు):

ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఏడాదిలో కొన్ని సాయంత్రాలు కనిపించే పిల్లిగద్దల కోసం, మిగిలిన రోజులన్నీ ఇంట్లో ఉండిపోయే లెన్సు కొనడం నాకు నచ్చదు. సుంకేసుల గట్టు మీదికి పొద్దున్నే పనికి వెళ్లేముందు అరగంట వెళ్లి రావాలంటే సంచిలో పట్టేదే కావాలి, చేయి తిరిగేది అలా రోజూ తీయడంతోనే. పెద్ద లెన్సు హైదరాబాదులోనో బెంగళూరులోనో అద్దెకు దొరుకుతుంది. అవసరమైన రెండు రోజులకు తెచ్చుకుని, దాని బరువు మీకు పడుతుందో లేదో తెలుసుకున్నాకే కొనే ఆలోచన చేయండి.

వాడినది కొనేటట్టయితే దుకాణంలో ఈ పనులు చేయనిదే డబ్బు చేతిలో పెట్టకండి. లెన్సు రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి టార్చి వేసి, మరో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సన్నటి దారాల్లా కనిపిస్తే అది బూజు, ఎంత తక్కువకిచ్చినా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి, మన సీమ దుమ్ముకు అవి లేని జూమ్ ఉండదు. లెన్సును కిందికి వంచి పట్టుకుని జూమ్ దానంతట అదే జారుతోందా చూడండి. వీధి అవతలి బోర్డును 600 వద్ద, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఒకసారి కంటికి ఆనించే వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూ సెన్సార్ మీది బొమ్మనే చూసి ఫోకస్ చేస్తుంది కాబట్టి అదే ప్రమాణం. రెండో ఫోటో పదునుగా ఉండి మొదటిది మెత్తగా ఉంటే ఆ లెన్సు మీ కెమెరాతో కలవడం లేదన్నమాట. చివరగా ఒక ఇటుక గోడను నిటారుగా తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఎప్పుడో కింద పడిన సరుకు.

కొత్తదైనా బిల్లు, భారతదేశపు వారంటీ కార్డు, లెన్సు మీది సీరియల్ సంఖ్య మూడూ సరిపోల్చుకోండి. ధర మరీ తక్కువగా ఉందంటే అది వారంటీ లేకుండా బయటి దేశం నుంచి వచ్చింది కావచ్చు. అన్నట్టు, దుకాణదారు ఉచితంగా ఇచ్చే చవక యూవీ ఫిల్టరు టెలిఫోటో ముందు పెట్టకండి, పదును తగ్గిస్తుంది. దుమ్ము, దెబ్బల నుంచి రక్షణకు లెన్సు హుడ్ చాలు.

నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క విషయం గుర్తుచేస్తున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఫోటోగ్రఫీ కోసం వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. రోళ్లపాడు 1988 నుంచి బట్టమేక పిట్ట కోసం ప్రకటించిన అభయారణ్యం. లంకమల కూడా అభయారణ్యమే. గూళ్ల దగ్గర తీసిన ఫోటోలను, అరుదైన పక్షులు ఉన్న కచ్చితమైన స్థలాలను ఇక్కడ పెట్టవద్దు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అందరి మాటలూ చదివాక నా ప్రశ్నే కొంత మారింది. నేను రోజూ వెళ్లగలిగేది సుంకేసులకు, ఎప్పుడో వెళ్లేది రోళ్లపాడుకు. కాబట్టి ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్ కొత్తది తీసుకుని, మిగిలిన డబ్బును పక్కన పెట్టాలని నిశ్చయించుకున్నాను. చలికాలంలో అటవీ శాఖ అనుమతితో రోళ్లపాడు వెళ్లేటప్పుడు 200-500 అద్దెకు తెచ్చుకుంటాను. దాన్ని మోయగలిగితే, పిల్లిగద్ద_చూపు గారు చెప్పినట్టు వచ్చే ఏడు కొంటాను.

పిల్లిగద్ద_చూపు (నంద్యాల):

మంచిది. అద్దెకు తెచ్చే రోజు ముందుగానే ఇంటి దగ్గర కాకుల మీద, పావురాల మీద కాసేపు సాధన చేసి రండి. 500 ఎంఎంలో ఎగిరే పక్షిని ఫ్రేములోకి తెచ్చుకోవడం మొదటిసారి ఎవరికీ చేతకాదు. 200 దగ్గర పక్షిని పట్టుకుని, దాన్ని వదలకుండా జూమ్ తిప్పుతూ 500కు చేరడం అలవాటు చేసుకోండి. కెమెరాలో నిరంతర ఫోకస్, అంటే ఏఎఫ్-సీ, పెట్టుకోండి; ఖాళీ ఆకాశంలో ఎగిరే పక్షికి తొమ్మిది ఫోకస్ పాయింట్ల గుంపు, గడ్డి మధ్యలో నిలబడిన జింకకు ఒక్క పాయింటు. ఈ మార్పు వేలికి అలవాటు కావడానికి మీ 70-300 మీద సాధన చేసినా సరిపోతుంది.